బిజినెస్ క్యాజువల్: విడివిడిగా అన్నీ బాగున్నాయి, కలిపి వేసుకుంటే ఎందుకు కుదరడం లేదు?

కొత్తకుర్చీ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాబట్టి ఏం వేసుకున్నా అడిగేవారు లేరు. ఇప్పుడు పదోన్నతి వచ్చింది. వచ్చే నెల నుంచి బయటి సంస్థలవారితో సమావేశాలు మొదలవుతాయి. దుస్తుల గురించి మా సంస్థ పంపిన లేఖలో ఒకే ఒక్క మాట ఉంది, బిజినెస్ క్యాజువల్ అని (పూర్తి సూట్ అక్కర్లేదు, అలాగని ఇంటి బట్టలూ కాదు అన్నమాట). దానికి తలా తోకా ఏమీ లేవు.

బీరువాలో బట్టలు లేక కాదు. నేవీ బ్లేజర్ ఉంది (సూట్‌లో సగం. దాని ప్యాంటు నాకు పట్టడం మానేసింది). నల్ల ప్యాంట్లు రెండు, తెల్ల షర్ట్, లేత గోధుమరంగు స్వెటర్, మోకాలి కిందికి వచ్చే బూడిద రంగు స్కర్ట్, ముదురు నీలం జీన్స్ కూడా ఉన్నాయి. విడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. జీన్స్ మీద ఆ బ్లేజర్ వేసుకుని అద్దం ముందు నిలబడితే మాత్రం ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. నల్ల ప్యాంటు, తెల్ల షర్ట్ వేస్తే వడ్డించడానికి వచ్చినదానిలా కనిపిస్తున్నాను.

అసలు బ్లేజర్ తప్పనిసరా? జీన్స్ కుదురుతుందా? ఎత్తు మడమల చెప్పులు లేకుండా గడుస్తుందా? కొత్తవి కొనమనే ముందు ఉన్నవాటితో ఏం చేయవచ్చో చెబితే సంతోషిస్తాను.

ఊదారంగు

నేను మానవ వనరుల విభాగంలో పనిచేస్తాను. అలాంటి ఒంటి వాక్యం లేఖలు రాసేది మేమే కాబట్టి ముందుగా తిట్లు నాకే చెందాలి.

ఈ నియమం ఎక్కడా గట్టిగా రాసి లేకపోవడానికి కారణం ఉంది. అమెరికాలో శుక్రవారాలు సూట్ వదిలేసి రావచ్చన్న పద్ధతి పాకుతున్న రోజుల్లో, ఏది వేసుకోవచ్చో ఏది కూడదో ఉద్యోగులకూ తెలియదు, పై అధికారులకూ తెలియదు. 1992లో జీన్స్ తయారుచేసే లీవైస్ సంస్థ దీనిమీద ఒక చిన్న మార్గదర్శి పుస్తకం అచ్చు వేసి దాదాపు 25,000 మంది మానవ వనరుల అధికారులకు పంపింది. తన డాకర్స్ బ్రాండ్ ప్యాంట్లు అమ్ముకోవడానికి చేసిన పని అది. అంటే చాలా కార్యాలయాల్లో నియమం చెప్పింది ప్యాంట్లు అమ్మేవాళ్లు. అందులోనూ మగవాళ్ల ప్యాంటు, షర్ట్ గురించి స్పష్టత వచ్చినంతగా ఆడవాళ్ల విషయంలో రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అందుకని లేఖ పక్కన పెట్టి మనుషులను చూడండి. మీకంటే రెండు మెట్లు పైన ఉన్న ఆడవాళ్లు మామూలు మంగళవారం నాడు ఏం వేసుకుని వస్తున్నారో గమనించండి. అతిథులు వచ్చే రోజు చూస్తే లెక్క తప్పుతుంది, ఆ రోజు అందరూ ఒక మెట్టు ఎక్కి వస్తారు. మొదటి వారం కాస్త ఎక్కువగా తయారై వెళ్లినా నష్టం లేదు. బ్లేజర్ తీసి కుర్చీకి తగిలించడానికి క్షణం చాలు. లేని బ్లేజర్‌ను తెప్పించడం ఎవరి తరమూ కాదు.

సూదిదారం

ఆల్టరేషన్ పని చేస్తాను. కొత్తకుర్చీ గారూ, కొనే సంగతి తర్వాత. ముందు ఆ నేవీ బ్లేజర్‌ను వెనక్కి తిప్పి అడుగున చీలిక దగ్గర చూడండి. ఎక్స్ ఆకారంలో దారపు కుట్టు ఉందా? దుకాణానికి చేరేలోపు చీలిక నలగకుండా కంపెనీవాళ్లు వేసే కుట్టు అది. వేసుకునేముందు తెంపేయాలి. చాలామంది ఏళ్ల తరబడి దానితోనే తిరుగుతారు. నడిచినప్పుడు, కూర్చున్నప్పుడు వెనక భాగం విచ్చుకోక బిగదీసుకుపోతుంది, మొత్తం బ్లేజరే బాగాలేదనుకుంటారు. ముంజేతి అంచు మీద పైపైన కుట్టిన కంపెనీ పేరు పట్టీ ఉన్నా అదీ తీసేయవలసిందే. జేబుల నోళ్లు కూడా కుట్టేసి ఉంటాయి. లోపల సంచి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ఉంటే విప్పుకోవచ్చు. కానీ కింది జేబులను అలాగే వదిలేయమంటాను, తెరిస్తే వాటిలో ఏదో ఒకటి వేస్తాం, నడుము కింద ఉబ్బుగా కనిపిస్తుంది.

తర్వాత భుజం. గోడ పక్కన నిలబడి మెల్లగా గోడ వైపు ఒరగండి. మీ చేయి కంటే ముందు భుజం దిండు (బ్లేజర్ భుజంలో కుట్టిన మెత్త) గోడకు తగిలి నొక్కుకుపోతే బ్లేజర్ మీకు పెద్దది. ఈ ఒక్కటీ సరిగా ఉంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. నడుము దగ్గర లోపలికి తీయడం, చేతులు పొట్టి చేయడం పెద్ద పని కాదు. భుజం తగ్గించాలంటే చేయి మొత్తం విప్పి, దిండు తీసి, మళ్లీ అమర్చాలి. మంచి టైలర్ కూడా వద్దనే చెబుతారు. చేతి అంచున గుండీలకు నిజమైన కాజాలు కోసి ఉంటే మాత్రం కింద నుంచి పొట్టి చేయడం కుదరదు, భుజం వైపు నుంచి చేయాలి. కాబట్టి కొనేటప్పుడే చేతి పొడవు చూసుకోండి. చేయి వేలాడదీసినప్పుడు మణికట్టు ఎముక దగ్గర ఆగితే చాలు.

గుండీ పెట్టి చూడండి. దాని చుట్టూ ముడతలు నాలుగు వైపులా లాగుతుంటే బిగుతు. గుండీ పెట్టకుండా వేసుకుంటాను కదా అనవద్దు. గుండీ పడని బ్లేజర్ తెరిచి వేసుకున్నా వీపు దగ్గర పట్టేస్తుంది.

లెక్కపత్రం

ఆడిటింగ్‌లో ఉన్నాను, రోజూ కొత్త కార్యాలయం. బ్లేజర్ తప్పనిసరి కాదు. అందరూ మొదట దాని మీదే పడతారు, అది ఉంటే పని అయిపోయిందనుకుంటారు. నలిగిన షర్ట్ మీద, ఉండలు కట్టిన ప్యాంటు మీద ఎంత మంచి బ్లేజర్ వేసినా పైన పటారం, లోన లొటారం. నేను ఏడాదిలో చాలా భాగం కాస్త మందంగా ఉండే నిట్ (అల్లిక గుడ్డ) టాప్, క్రీజు నిలబడే ప్యాంటు, శుభ్రమైన లోఫర్లతో (లేసులు లేని బూట్లు) గడిపేస్తాను.

నూలుపోగు

కొత్తకుర్చీ గారి బ్లేజర్ జీన్స్‌తో ఎందుకు కుదరడం లేదో చెప్పవచ్చా? రంగుల తప్పు కాదది, గుడ్డల తగాదా.

సూట్ కోసం నేసే గుడ్డ సాధారణంగా సన్నటి, నునుపైన వర్‌స్టెడ్ ఉన్ని, లేదా దాన్ని అనుకరించే పాలిస్టర్, విస్కోస్ మిశ్రమం. వెలుతురు పడితే కొద్దిగా మెరుస్తుంది. డెనిమ్ అలా కాదు, గరుకుగా, మెరుపు లేకుండా, బరువుగా ఉంటుంది. ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి వేస్తే సూట్ సగం తప్పిపోయి వచ్చినట్టే ఉంటుంది. జీన్స్‌కు తోడు కావలసింది ట్వీడ్ (గరుకైన ఉన్ని గుడ్డ), మందపాటి కాటన్, లేదా నిట్ బ్లేజర్. మీ సూట్ బ్లేజర్‌కు జత మీ బూడిద రంగు స్కర్ట్, మీద ఆ గోధుమరంగు స్వెటర్. స్వెటర్ పలుచటిదే కదా? లావు అల్లిక అయితే బ్లేజర్ చేతుల్లో ఇరుక్కుని మోచేతుల దగ్గర కుప్ప పడుతుంది.

నేవీ మీద బూడిద రంగు బాగుంటుంది. అదే నేవీ బ్లేజర్ కింద, దానికి దగ్గరగా ఉండి దానితో కలవని ఇంకో నేవీ ప్యాంటు వేస్తే పొరపాటున వేసుకున్నారనిపిస్తుంది. ఒకే రంగు అనుకుంటే అచ్చంగా ఒకే రంగు ఉండాలి, లేదా తేడా స్పష్టంగా కనపడాలి.

కొత్తకుర్చీ

సూదిదారం గారూ, ఎక్స్ కుట్టు ఉంది! ఇప్పుడే తెంపాను. మీరు చెప్పేవరకు అది ఏదో డిజైన్ అనుకున్నాను.

నూలుపోగు గారూ, స్వెటర్ పలుచటిదే. రేపు ప్రయత్నిస్తాను. మీరు రంగు గురించి అన్నది నా రెండు నల్ల ప్యాంట్లకూ వర్తిస్తుందేమో. ఒకటి ఎర్ర జీర నలుపు, ఒకటి వెలిసిన నలుపు. ఇంకో బాధ, తెల్ల షర్ట్ ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య తెరుచుకుంటుంది. పిన్నీసు పెడితే కనిపిస్తుంది. పైగా లోపలిది తెల్లటిదే వేసుకున్నా పైకి తెలుస్తోంది.

సూదిదారం

తెల్లటిది వేసుకోబట్టే తెలుస్తోంది. తెల్ల షర్ట్ కింద మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న లోదుస్తులు వేయండి, కుట్లు లేని నున్నటివి. ఇది చెబితే మొదట ఎవరూ నమ్మరు. వేసుకుని కిటికీ దగ్గర నిలబడి చూడండి.

గుండీల మధ్య సందుకు పిన్నీసు వద్దు. సరిగ్గా సందు పడే చోట, గుండీల పట్టీ లోపలి పొరకు చిన్న టిచ్ బటన్ కుట్టండి. సూది పై పొర దాటి బయటికి రాకూడదు, ఒకటి రెండు పోగులు మాత్రమే పట్టుకోవాలి. బయటి నుంచి ఏమీ కనపడదు. ఇకమీదట కొనేటప్పుడు ఛాతీ కొలతకు సరిపోయేది తీసుకుని, నడుము వదులైతే డార్టులు (గుడ్డను లోపలికి మడిచి వేసే కోసు కుట్లు) వేయించుకోండి. నడుముకు సరిపోయేది తీసుకుని ఛాతీ వదులు చేయమంటే గుడ్డ ఎక్కడి నుంచి తేవాలి?

పొట్టివాళ్లసంఘం

ఐదడుగులు కూడా లేనివాళ్ల తరఫున మాట్లాడుతున్నాను. ఎవరూ మా గురించి చెప్పరు. ప్యాంటు ఎక్కడ ఆగాలి? చీలమండ పొడవు అని అమ్మేది నాకు పూర్తి పొడవు. పూర్తి పొడవు అని అమ్మేది నేల ఊడుస్తుంది. బ్లేజర్ అయితే మోకాళ్లను పలకరించి వస్తుంది.

సూదిదారం

సన్నటి ప్యాంటు చీలమండ ఎముకకు కొద్దిగా పైన, కాలు బాగా సన్నబడే చోట ఆగితే పొట్టివాళ్లకు బాగుంటుంది. పిక్క మధ్యలో ఆగితే కాలును రెండు ముక్కలు చేసినట్టు కనిపిస్తుంది. వెడల్పు కాళ్ల ప్యాంటు అయితే చెప్పు వేసుకున్నాక నేలకు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర పైన ఉండాలి. ఆ కొలత చెప్పును బట్టి మారుతుంది. అందుకే ఎత్తు మడమలకు కుట్టించిన ప్యాంటు ఫ్లాట్ల మీదికి పనికిరాదు. ఏ ప్యాంటు ఏ చెప్పుకో ముందే తేల్చుకుని అంచు మడిపించండి.

కాలి భాగం కిందికి సన్నబడే ప్యాంటును బాగా పొట్టి చేస్తే అంచు వెడల్పు పెరుగుతుంది. టైలర్ పొడవు ఒక్కటే తగ్గించి ఊరుకుంటే కాలి చివర గొట్టంలా నిలబడుతుంది. పక్క కుట్లు కూడా సన్నబరచమని అడగండి.

బ్లేజర్ తుంటి ఎముక దగ్గర ఆగేది చూడండి. పొడవు తగ్గించడం సులభమనుకోకండి, జేబులు అంచుకు మరీ దగ్గరైపోయి అసహ్యంగా ఉంటుంది.

పొట్టివాళ్లసంఘం

గొట్టం సంగతి ఇప్పుడు అర్థమైంది. నా ప్యాంట్లన్నీ గొట్టాలే.

లెక్కపత్రం

జేబుల మాట వచ్చింది కనుక ఒక పక్కమాట. 2018లో ద పుడింగ్ అనే వెబ్ పత్రిక 20 బ్రాండ్ల జీన్స్ కొలిచి చూసింది. ఆడవాళ్ల జీన్స్ ముందు జేబులు మగవాళ్ల జేబుల కంటే సగటున 48 శాతం పొట్టి, 6.5 శాతం ఇరుకు అని తేలింది. ఆఫీసు ప్యాంట్ల గతి అంతకంటే ఘోరం, చాలావాటికి జేబు బొమ్మే ఉంటుంది. ఫోను, గుర్తింపు కార్డు, తాళాలు అన్నీ చేత్తో పట్టుకుని సమావేశంలోకి నడిచి వెళ్లే మనిషి ఎంత మంచి బట్ట కట్టినా సర్దుకున్నట్టు కనిపించదు. కొనేటప్పుడు జేబులో చేయి పెట్టి చూడండి. పక్క కుట్టులో నిలువుగా ఉండే జేబు నోరు వేసుకున్నాక తెరుచుకుని చెవుల్లా నిలబడితే ప్యాంటు తుంటి దగ్గర బిగుతు అని అర్థం, ఒక సైజు పైకి వెళ్లి నడుము తగ్గించుకోవాలి.

అద్దంముందు

ఇన్ని కొలతల మధ్య అసలు విషయం ఎవరూ చెప్పలేదు. మూడో పొర! పైన ఒకటి, కింద ఒకటి వేసుకుంటే ఇంట్లోంచి అలాగే వచ్చేసినట్టు ఉంటుంది. మూడోది ఏదైనా ఒకటి, బ్లేజర్, కార్డిగన్, చేతుల్లేని పొడవాటి కోటు చేరితే అప్పుడు తయారైనట్టు ఉంటుంది. నేను ఈ ఒక్క సూత్రంతోనే నెట్టుకొస్తున్నాను.

లెక్కపత్రం

నేను ఒప్పుకోను. ఎండలో నడిచి వచ్చేవాళ్లకు మూడో పొర శిక్ష. రెండు పొరల్లోనే తీరుగా కనిపించడం రాకపోతే మూడోది వాటిని దాస్తుంది, అంతే. మధ్యాహ్నం దాన్ని తీసేసిన క్షణంలో అసలు రంగు బయటపడుతుంది.

అద్దంముందు

తీయకపోతే సరి! మా ఆఫీసులో ఏసీ చలికి తీసే ధైర్యం ఎవరికీ లేదు.

నూలుపోగు

ఆ చలి మీ ఊహ కాదు. కార్యాలయాల ఉష్ణోగ్రత నిర్ణయించే పద్ధతి 1960ల నాటిది. అందులో మనిషి శరీరం పుట్టించే వేడికి కొలమానం 40 ఏళ్ల, 70 కిలోల మగవాడు. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడిని ఆ లెక్క ఎక్కువగా అంచనా వేస్తుందని 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కాబట్టి పొర కావాలి. ఆఫీసు కుర్చీకి శాశ్వతంగా వేలాడే, ఉండలు కట్టిన బూడిద స్వెటర్ మాత్రం కాకూడదు. మనలో చాలామంది ఉదయం ఎంత తీర్చిదిద్దుకుని వచ్చినా పదింటికల్లా దాన్ని తగిలించుకుంటాం, ఆ రోజంతా లోకం చూసేది దాన్నే.

బ్లేజర్ ఒంటికి పడనివారికి కాలర్ లేని పొట్టి కోటు మంచి మార్గం. ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ కోకో షానెల్ 1954లో మళ్లీ దుకాణం తెరిచాక పేరు తెచ్చిన ట్వీడ్ కోటు ఆ కోవదే. మెత్తటి గుడ్డ, భుజం దిండ్లు ఉండవు. మరి బిగువు లేకుండా తిన్నగా ఎలా వేలాడుతుంది అంటే, లోపల అంచు వెంట సన్నని గొలుసు కుట్టి ఉంటుంది. ఆ బరువుకు కోటు ఎగబాకకుండా నిలుస్తుంది. ఎగిరిపోయే పలుచటి కార్డిగన్‌కు కింది అంచు లోపల ఏదైనా బరువైన పట్టీ కుట్టించి చూడండి, తేడా తెలుస్తుంది.

ఊదారంగు

మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు ఏమిటో చెబితే చాలామందికి భయం తగ్గుతుంది. బ్లేజర్ వేసుకోలేదని ఇంతవరకు ఎవరి మీదా ఫిర్యాదు రాలేదు. వ్యాయామానికి వేసుకునే టైట్లు, స్నానాల గది చెప్పులు, నలిగిన బట్టలు, వెలుతురులో లోపలివి కనిపించే గుడ్డలు, ఎక్కువగా ఇవే వస్తాయి. స్కర్ట్ పొడవు మీద కొలబద్దతో వచ్చేవారూ ఉన్నారు, వారిని నేను ఓపికగా విని పంపించేస్తాను.

ఇంట్లో చేసుకోవలసిన పరీక్ష చిన్నది. చేతులు పైకెత్తండి, కింద పడిన కలం తీయడానికి వంగండి, కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేయండి. షర్ట్ ప్యాంటులోంచి ఊడి వచ్చినా, మెడ జారినా, స్కర్ట్ పైకెక్కినా రోజంతా దాన్ని లాక్కుంటూనే ఉంటారు. అలా లాక్కోవడమే ఎదుటివారి కళ్లలో పడేది.

వీడియో సమావేశాలు ఉంటే సన్నటి దగ్గర దగ్గర చారలు, చిన్న గళ్లు వేసుకోవద్దు. కెమెరాలో అవి అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తాయి, మీ మాట ఎవరూ వినరు.

నడకదారి

చెప్పుల సంగతి నాకు వదిలేయండి.

ఎత్తు మడమలు లేకుండా హాయిగా గడుస్తుంది. లోఫర్లు, ముందు కొద్దిగా కోసుగా ఉండే ఫ్లాట్లు, వెడల్పు మడమ ఉన్న తక్కువ ఎత్తువి, ఈ మూడు రకాల్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు. గుండ్రటి ముందు భాగం కంటే కోసుది, బాదం ఆకారంది ప్యాంటు కింద పొందికగా ఉంటాయి. తెల్ల తోలు స్నీకర్లు కొన్ని చోట్ల నడుస్తాయి. కానీ అవి నిజంగా తెల్లగా ఉండాలి, అంచు రబ్బరు సహా. కొత్తకుర్చీ గారి సమావేశాలకు వద్దంటాను.

రకం కంటే ముఖ్యమైనది మడమ చివరి ముక్క. చెప్పు బోర్లించి చూడండి. మడమ అడుగున చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. అది అరిగి లోపలి మేకు బయటపడితే నున్నటి నేల మీద టకటక కాదు, గరగర చప్పుడు వస్తుంది. హాలు చివరి నుంచే తెలిసిపోతుంది ఎవరు వస్తున్నారో. ఆ బిళ్ల మార్చడం చెప్పులు కుట్టేవారికి కాసేపటి పని. అరుగుదల మడమ తోలు దాకా వెళ్లాక తీసుకెళ్తే ఏమీ చేయలేరు.

తోలు చెప్పులను వరుసగా రెండు రోజులు వేయకండి. లోపలి చెమట ఆరడానికి ఒక రోజు విరామం కావాలి. లేకపోతే ఆకారం పోయి, మడతలు గట్టిపడి పగుళ్లు వస్తాయి. రెండు జతలను మార్చి మార్చి వేసుకుంటే ఒక్కొక్కటి ఎక్కువ కాలం మన్నుతుంది.

కొత్తకుర్చీ

నల్ల ప్యాంట్ల సంగతి ఎవరైనా తేల్చండి. పారేయాలా?

నూలుపోగు

పారేయవద్దు. రెండూ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి, దుకాణపు దీపాల కింద కాదు. నలుపును వేర్వేరు రంగుల మిశ్రమాలతో అద్దుతారు కాబట్టి ఒకటి ఎరుపు వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. దీపం మారితే ఆ తేడా కనిపిస్తుంది. నల్ల ప్యాంటు మీద ఇంకో నలుపు వేయాలని ఉంటే అదే నలుపు వెతక్కండి, గుడ్డ తీరు మార్చండి. మెరుపు లేని ప్యాంటు మీద జారే సిల్క్ లాంటి నల్ల టాప్ వేస్తే కావాలని వేసుకున్నట్టే ఉంటుంది.

వెలిసిన ప్యాంటు కాటన్ అయి ఉంటుంది. లోపల ఉండే లేబుల్ పట్టీ చూడండి. కాటన్ అయితే మళ్లీ అద్దించవచ్చు. పాలిస్టర్‌కు ఇంటి అద్దకాలు చాలావరకు పట్టవు. ఇక ముందు ఏ నల్ల గుడ్డైనా తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతికి, నీడలో ఆరేయండి.

గుడ్డ పట్టీ చదివే అలవాటు చేసుకుంటే సగం డబ్బు మిగులుతుంది. ఆఫీసు ప్యాంటుకు రెండు నుంచి ఐదు శాతం ఎలాస్టేన్ (సాగే పోగు) ఉంటే కూర్చుని లేచినా మోకాళ్ల దగ్గర ఉబ్బు నిలవదు. అంతకంటే బాగా ఎక్కువైతే ఒంటికి అతుక్కుపోయి టైట్ల వైపు వెళ్తుంది. లినెన్ నలుగుతుంది, దాని పోగుకు సాగే గుణం తక్కువ, ఎవరూ ఏమీ చేయలేరు. నలిగినా ఫర్వాలేదనుకునే రోజుకు ఉంచుకోండి, లేదా మిశ్రమం తీసుకోండి. విస్కోస్ అందంగా జాలువారుతుంది కానీ తడిస్తే బలం తగ్గుతుంది, పిండకండి.

అద్దంముందు

ఇస్త్రీ గురించి కూడా చెప్పండి. మా ఇంట్లో ముదురు ప్యాంట్లన్నీ కుట్ల మీద మెరుస్తున్నాయి.

నూలుపోగు

వేడి పెట్టె నేరుగా తగిలి పోగు చదునైపోవడం వల్ల వచ్చే మెరుపు అది. ముదురు రంగులను తిరగేసి ఇస్త్రీ చేయండి. బయటి వైపు చేయక తప్పనప్పుడు పలుచటి తడి కాటన్ గుడ్డ మధ్యలో వేయండి. ఉన్నిలో తేలికపాటి మెరుపు ఆవిరితో కొంత పోతుంది, పాలిస్టర్‌లో కరిగిన మెరుపు పోదు. ఉన్ని బ్లేజర్ ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కు పంపకండి. వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి రాత్రంతా గాలికి వదిలేస్తే ముడతలు చాలావరకు వాటంతట అవే దిగుతాయి.

కొలతమారింది

మౌనంగా చదువుతున్నదాన్ని, ఒక సందేహం. శరీరం నెలకో రకంగా ఉబ్బి తగ్గే వయసులో ఉన్నాను. ఉదయం పట్టిన ప్యాంటు సాయంత్రానికి కోస్తుంది. సాగే నడుము ప్యాంట్లు వేసుకుంటే పైజామాలా ఉంటాయి. మరేం చేయాలి?

సూదిదారం

ముందు భాగం చదునుగా, వెనక మాత్రమే ఎలాస్టిక్ ఉండే ప్యాంట్లు దొరుకుతాయి. మీ దగ్గర ఉన్న మామూలు ప్యాంటుకు కూడా నడుము పట్టీ పక్కల ఎలాస్టిక్ చొప్పించవచ్చు, షర్ట్ పైన వదిలితే ఎవరికీ తెలియదు. ముందు ప్లీట్లు (నడుము దగ్గర కుట్టిన మడతలు) ఉన్నవి తీసుకుంటే పొట్ట దగ్గర కాస్త చోటు ఉంటుంది. ప్లీట్లు నిలబడ్డప్పుడు మూసుకునే ఉండాలి, తెరుచుకుంటే చోటు చాలనట్టే.

ఊదారంగు

చుట్టి కట్టుకునే ర్యాప్ డ్రెస్ కూడా చూడండి. ఫ్యాషన్ డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ 1974లో జెర్సీ గుడ్డతో తెచ్చిన నమూనా ఇన్నేళ్లుగా నిలవడానికి కారణం ఇదే, కొలత మారినప్పుడు ముడి జరిపితే చాలు. ఛాతీ దగ్గర అడ్డం వచ్చే చోట లోపల ఒక టిచ్ బటన్ కుట్టించుకోండి, గాలి వీచినా కంగారు ఉండదు.

కొలతమారింది

ప్లీట్ల గురించి ఇన్నాళ్లూ తిరగేసి అనుకున్నాను, అవి లావు చేస్తాయని. ధన్యవాదాలు.

కొత్తకుర్చీ

సోమవారం మొదటి సమావేశం. రెండు జతలు బయట పెట్టాను.

ఒకటి: బూడిద స్కర్ట్, గోధుమరంగు స్వెటర్ లోపలికి దోపి, పైన నేవీ బ్లేజర్, నల్ల లోఫర్లు. రెండోది: మంచి నలుపున్న ప్యాంటు, తెల్ల షర్ట్ (టిచ్ బటన్ కుట్టాను), పైన ఏమీ లేదు, కోసు ఫ్లాట్లు. రెండోది నాకు హాయిగా ఉంది కానీ వడ్డించేవారి పోలిక పోలేదు.

అద్దంముందు

మొదటిది. మూడో పొర ఉంది!

లెక్కపత్రం

రెండోది. పోలిక పోవాలంటే తెలుపు మార్చండి. తెల్ల షర్ట్ బదులు లేత నీలం వేస్తే చాలు, లేదా షర్ట్ అదే ఉంచి నల్ల ప్యాంటు బదులు స్కర్ట్ వేయండి. గాఢమైన నలుపు, పాలతెలుపు పక్కపక్కన ఉండటం వల్లే అది యూనిఫారం అయింది.

పొట్టివాళ్లసంఘం

లెక్కపత్రం గారితో ఏకీభవిస్తున్నాను. తెల్ల షర్ట్ చేతులు రెండు మడతలు పైకి మడిచి, మణికట్టుకు గడియారం పెట్టినా యూనిఫారం ఛాయ పోతుంది.

నడకదారి

మొదటిదైతే స్కర్ట్‌కు, లోఫర్లకు మధ్య కాలు ఎంత కనిపిస్తుందో కూర్చుని చూడండి. నిలబడ్డప్పుడు బాగున్నది కూర్చున్నాక మారిపోతుంది. పొట్టి సాక్సు తొంగి చూస్తుంటే లోపల దాగిపోయే రకం వేయండి.

కొత్తకుర్చీ

స్కర్ట్ అంచు పిక్క సరిగ్గా మధ్యలో ఆగుతోంది. సూదిదారం గారు ప్యాంటు గురించి చెప్పినదే దీనికీ వర్తిస్తుందా?

సూదిదారం

వర్తిస్తుంది. పిక్క బాగా లావుగా ఉండే చోటు వదిలి, మోకాలికి కొద్దిగా కింద ఆగేలా పొట్టి చేయించండి. టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ లోఫర్లే వేసుకుని వెళ్లండి. కత్తిరించేముందు పిన్నులు పెట్టి, మిమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి చూడమనండి. వెనక భాగం కొద్దిగా పైకి లేస్తుంది, పక్క నుంచి చూసి అంచు నేలకు సమానంగా వచ్చేలా గీయాలి. లైనింగ్ ఉంటే దాన్నీ తగ్గించాలి, అది పై గుడ్డ కంటే రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉండాలి, లేకపోతే నడిచినప్పుడు కింద నుంచి వేలాడుతుంది. లోపల నాలుగు సెంటీమీటర్ల మడత వదిలి, చేత్తో కనిపించని కుట్టు వేయమనండి. మిషన్ కుట్టు బయటికి గీతలా కనిపిస్తుంది. శనివారం సాయంత్రం ఇచ్చి సోమవారం పొద్దున్నే కావాలంటే మాలో ఎవరూ మంచిగా చేయరు, రేపే తీసుకెళ్లండి.